పొలిమేర దాటని కేకు

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ ఆమె కేకక్కే. భర్త ఒక్కడే ఆ పేరు పలకడు. "ఇదిగో" అంటాడు, అంతే. ఆయనకూ వీధిలో ఒక పేరుంది, ఆయన ముందు ఎవరూ అనరు గానీ. స్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టారు. వీధిలో పొలిమేర మాస్టారు.

ఆ పేరు ఊరికే రాలేదు. వాళ్ళ నాన్న కడుపు జబ్బుతో మంచం పట్టి, తీసుకుని తీసుకుని పోయాడు. ఆ దెబ్బ నుంచి తేరుకున్నాక మాస్టారు ఒకటే మాట పట్టుకున్నాడు. ఎక్కడో పండి, ఏ ఓడలోనో మగ్గి, ఏ గోదాములోనో మందు కొట్టించుకుని వచ్చిన తిండి మన కడుపులో ఎందుకు పడాలి? మన చుట్టుపక్కల పండింది మనకు చాలదా? పొద్దున సైకిలెక్కి బయల్దేరితే భోజనాల వేళకు తిరిగి రాగలిగినంత దూరం, అదే ఆయన గీసుకున్న పొలిమేర. అంతలోపల పండిందే ఇంట్లోకి రావాలి. దాటి వచ్చింది చిటికెడైనా గడప తొక్కకూడదు.

"ఎదురుగాలి వీచిన రోజున పక్కూరి వంకాయలు కూడా పరాయి దేశానివైపోతాయి కాబోలు" అని గోడ అవతలి టైలరమ్మ నవ్వేది.

నిజం చెప్పుకోవాలంటే కేకక్కకు ఆ మాట మొదట్లో నచ్చింది కూడా. ఆకుకూర తెంపిన పూటే వండుకోవడం, తెలిసిన మిల్లులో ఆడించిన పిండితో రొట్టె కాల్చుకోవడం ఎవరికి చేదు? కానీ సిద్ధాంతం ఆయనది, నడుం నొప్పి ఆమెది. పంచదార లేదు, తేనె. టీ లేదు, ఏవో ఆకులు కాచిన నీళ్ళు. ఏమీ కాయని నెలల్లో గుమ్మడికాయ కూర, గుమ్మడికాయ పులుసు, గుమ్మడికాయ రొట్టె. వంటిల్లు మూలన గుమ్మడికాయలు పొట్టలు వేసుకుని చుట్టాల్లా కూర్చునేవి, కదిలేవి కావు. కూతురు స్కూల్లో అన్నం డబ్బా మూత తియ్యకముందే పక్కపిల్లలు "ఇవాళ ఏ రంగు గుమ్మడికాయ?" అని అడిగేవాళ్ళట. ఆ పిల్ల ఇంటికొచ్చి ఏడవలేదు. డబ్బా కడిగి బోర్లించి, పుస్తకాలు ముందేసుకు కూర్చుంది. ఏడ్చుంటే బాగుండేదని తల్లికి అనిపించింది.

ఇంత పట్టింపు ఉన్న ఇంట్లో కేకులేమిటి అంటే, దానికో కథ ఉంది.

కేకక్క తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మకు కీళ్ళ జబ్బు వచ్చింది. ఇంట్లో చేసేవాళ్ళు కావాలి, బయట తెచ్చేవాళ్ళూ కావాలి. ఆడపిల్ల కాబట్టి రెండూ ఆమె మీదే పడ్డాయి. పుస్తకాల సంచీ అటకెక్కింది, ఆమె బజారు బేకరీ వెనక వైపు కేకులు కాల్చే రేకులు కడిగే పనికి కుదిరింది. నోరు విప్పని పిల్ల. ఎవరైనా పేరడిగితే కాళ్ళవంక చూసుకునేది. కానీ కళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. బేకరీ మేస్త్రీ గుడ్డు ఎలా కొడతాడు, వెన్న ఎంతసేపు గిలకొడతాడు, పిండి జారే తీరు చూసి ఎప్పుడు చాలంటాడు, అన్నీ రేకుల సందులోంచి చూసి పట్టేసింది. ఒకరోజు మేస్త్రీ జ్వరమొచ్చి రాకపోతే, ఈ పిల్ల ఎవరికీ చెప్పకుండా కేకు పెట్టేసింది. మర్నాడు ఆయనొచ్చి ముక్క తుంచి నోట్లో వేసుకుని, "ఇది నేనెప్పుడు చేశాను?" అన్నాడు. ఆమె జీవితంలో విన్న పెద్ద మెప్పు అదే.

ఆయన దగ్గర నేర్చుకున్నదే చెవి పెట్టి వినడం. ఓవెన్‌లోంచి తీసిన కేకు మీదకు వంగి చెవి దగ్గర పెడితే, లోపల ఇంకా తడి ఉంటే సన్నగా చిటపటమంటుంది, గుసగుసలాడినట్టు. ఆ గుసగుస అణిగితే ఉడికినట్టు. పుల్ల గుచ్చి చూసేవాళ్ళు చాలామంది. కేకక్క ఏనాడూ పుల్ల గుచ్చలేదు. "దాన్నెందుకు పొడవడం? అదే చెబుతుంటే" అనేది.

పెళ్ళయ్యాక, బేకరీ మూలన పడేసిన పాత ఓవెన్ ఒకటి ఆమె వెంట వచ్చింది. దాని తలుపు సరిగ్గా పడదు, సందులో చెక్క చీలిక బిగించాలి. పెరట్లోని రేకుల షెడ్డులో పెట్టుకుంది. మాస్టారు ఒంటికాలి మీద లేచాడు. ఆ రోజున అత్తగారే అడ్డుపడింది.

"షెడ్డు ఇల్లు కాదురా. దాని గడప వేరు, దీని గడప వేరు. అక్కడి సరుకు ఇక్కడికి రాకపోతే నీ పొలిమేరకు వచ్చిన నష్టమేంటి?"

అలా రాజీ కుదిరింది. పంచదార, కోకో పొడి, వెనిల్లా సీసా, రంగులు అన్నీ షెడ్డులోనే. షెడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు ఆమె చేతులు కడుక్కుని, ఆప్రాన్ అక్కడే మేకుకు తగిలించి, చెప్పులు దులుపుకుని మరీ ఇంట్లో అడుగుపెట్టేది.

మొదట్లో పుట్టినరోజు కేకులు చేసింది. తర్వాత్తర్వాత ఆమె చెయ్యి బేబీ షవర్ కేకుల మీద కుదిరింది. నెలలు నిండుతున్న అమ్మాయి చుట్టూ నలుగురు ఆడవాళ్ళు చేరి కాసేపు నవ్వుకునే ఆ సరదా ఈమధ్యే అన్ని ఇళ్ళకూ పాకింది. "బిడ్డ ఇంకా బయటికే రాలేదు, అప్పుడే కేకు కోసేస్తున్నారు. కంగారు కాకపోతే!" అని అత్తగారు మూతి తిప్పేది. అయినా ఆ కేకుల మీద పెట్టే పంచదార మేజోళ్ళంటే ముసలామెకు మహా ముద్దు.

వేరే చోట కేకు చెప్పబోతే ఏ రంగు కావాలి, ఎన్ని అంతస్తులు అని అడుగుతారు. కేకక్క మొదట అడిగేది ఒకటే.

"ఏ వాసన పడట్లేదమ్మా?"

ఆ మాట వినగానే వచ్చిన అమ్మాయి ముఖం విప్పారేది. కోడలు కడుపుతో ఉందంటే ఏం తినాలో చెప్పేవాళ్ళే గానీ, ఏది పడట్లేదని అడిగేవాళ్ళెవరు? ఒకామెకు నిమ్మ వాసన పడేది కాదు, ఒకామెకు వెనిల్లా, ఇంకొకామెకు మొగుడి తలనూనె. "అదొక్కటీ నేను కేకులో వెయ్యన్లే" అనేది కేకక్క. ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వేది. ఎప్పుడూ సిగ్గుపడి తలొంచుకునే కేకక్కకు ఆ షెడ్డు గుమ్మంలో మాత్రం మాటలు వచ్చేవి.

ఇక్కడే టోపీల సంగతి చెప్పాలి. కేకు ఓవెన్‌లో పొంగినప్పుడు నడిమధ్య గుండ్రంగా ఉబ్బుతుంది. అంతస్తులు పేర్చాలంటే పైన చదునుగా ఉండాలి కాబట్టి ఆ ఉబ్బును కత్తితో కోసేస్తారు. ఆ కోసిన ముక్క అచ్చం టోపీలా ఉంటుంది. మెత్తగా, వేడివేడిగా, కేకులో అన్నిటికన్నా కమ్మటి భాగం అదే. కేకు ఎటూ అమ్ముకునేదే, టోపీ మాత్రం చేసిన చేతిది. కానీ ఆ టోపీ ఇంటి గడప దాటకూడదు. అందుకని డబ్బాలో పెట్టి గోడ మీదుగా టైలరమ్మకు అందించేది.

కొన్నాళ్ళకు టైలరమ్మ గుండీలు కుడుతూ చల్లగా అంది. "నీ కూతురు రోజూ మా ఇంటికి లెక్కలు చేసుకోవడానికొస్తోంది తెలుసా? లెక్కలేమో గానీ టోపీలు బాగా లాగిస్తోంది."

కేకక్క తలెత్తలేదు. "తెలుసు."

"తెలిసే పంపిస్తున్నావా, ఇంతింత టోపీలు? ఈమధ్య నీ కేకులు మరీ ఎక్కువ పొంగుతున్నాయే!"

"ఏం చెయ్యమంటావు వదినా. నేను చేసింది నా బిడ్డ నా ఎదురుగా కూర్చుని తినే యోగం లేదు. గోడ అవతలైనా తిననీ."

టైలరమ్మ చేతిలోని సూది పక్కన పెట్టింది.

అత్తగారి దారి ఇంకో రకం. మధ్యాహ్నం కొడుకు స్కూల్లో ఉండగా షెడ్డులోకి వచ్చి పిండి బస్తా మీద కూలబడేది. పళ్ళు లేని నోటికి టోపీ ముక్క ఎంత హాయో. "షెడ్డులో తింటున్నాగా, ఇంట్లో తినట్లేదుగా" అని తనకు తనే తీర్పు చెప్పుకునేది. మూతి తుడుచుకుని లేస్తూ, "అమ్మాయ్, నీ చేతిలో ఏదో ఉందే. నేను బతికున్నంతకాలం ఈ షెడ్డు మీద చెయ్యి పడనివ్వను" అనేది. కేకక్క ఆ మాట మనసులో దాచుకుంది. ఆ ఇంట్లో ఆమె దాచుకున్న మాట అదొక్కటే.

సంవత్సరాలు అలా గడిచాయి. ఈలోగా మాస్టారి పొలిమేర ఇంట్లో సరిపోక బయటికి పాకింది. స్కూల్లో పిల్లలకు చెప్పాడు, తోటివాళ్ళకు చెప్పాడు, ఆదివారాలు పది మంది హాల్లో కూర్చుంటే వాళ్ళకు చెప్పాడు. "మా ఇంట్లో చూడండి, బయటి చుక్క లేదు" అనేవాడు. ఒకరోజు అలా వచ్చినవాళ్ళలో ఎవరో కిటికీలోంచి పెరట్లోకి చూసి, "మరి ఆ షెడ్డులోంచి పంచదార వాసనొస్తోందేంటి మాస్టారూ?" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. కానీ ఆ రాత్రి భోజనం దగ్గర కంచంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు.

సరిగ్గా ఆ వారంలోనే ఆడపడుచు వచ్చింది. మాస్టారి చెల్లెలు, ఏడో నెల. నవ్వితే ఇల్లంతా వినపడే పిల్ల. వచ్చీ రాగానే షెడ్డులోకి దూరి, వదిన మెడ చుట్టూ చేతులు వేసింది.

"వదినా, నా పార్టీ మన హాల్లోనే. నాకు మూడంతస్తుల తెల్ల కేకు కావాలి. పైన బుల్లి మేజోళ్ళు పెట్టాలి. ఊళ్ళో వాళ్ళందరికీ చేశావు, నాకు చెయ్యవా?"

"చెయ్యకుండా ఉంటానా? ఏ వాసన పడట్లేదు నీకు?"

"గుమ్మడికాయ" అంది ఆ పిల్ల టక్కున. "ఆ పేరెత్తితేనే కడుపులో తిప్పుతోంది. ఈ ఇంట్లో పెరిగినందుకు శిక్ష."

ఇద్దరూ నవ్వుకున్నారు. గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నాడని అప్పుడు చూశారు.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే కేకక్కకు అలవాటే. చాలా నెమ్మదిగా, న్యాయంగా మాట్లాడాడు.

"ఇదిగో, నలుగురూ నన్ను చూసి నవ్వుతున్నారు. ఈ ఇంట్లో జరిగే పార్టీకి మన పొలిమేర కేకు చెయ్యి. మన మిల్లు పిండి, మన తేనె, మన వెన్న, గుడ్లు, మన గుమ్మడికాయ. కుదరకపోతే నేనిక జన్మలో నీ షెడ్డు జోలికి రాను, ఒట్టు. కుదిరిందనుకో, ఇకమీదట అన్నీ అలాంటివే చెయ్యాలి. పంచదార బస్తా బయటికి పోవాలి. సరేనా?"

ఆమె నోట మాట రాలేదు. రాకపోవడాన్ని ఆయన సరేననుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అత్తగారు పిండి బస్తా మీద కూర్చుని గొంతు తగ్గించింది. "అమ్మాయ్, ఇందులో ఆలోచించేదేముంది? చెడగొట్టెయ్. ఒక్క పూట నలుగురూ నవ్వుతారు. నవ్వనీ. షెడ్డు నీది, టోపీలు మనవి."

గోడ మీదుగా టైలరమ్మా అదే మాట. "నీ మొగుడు తన గొయ్యి తనే తవ్వుకున్నాడు. నువ్వు మన్ను కప్పితే చాలు."

కేకక్కకూ అదే సబబనిపించింది. చెడగొట్టడమెంతసేపు? కేకు పొంగుతున్న వేళ ఒక్కసారి తలుపు చీలిక లాగితే చాలు, చల్లగాలి తగిలి నడుమ కుంగి కూర్చుంటుంది. ఎందుకైనా మంచిదని తెల్ల కేకు కూడా ఒకటి చేసి మూత పెట్టుకోవాలనుకుంది. పొలిమేర కేకు కుంగితే అది బయటికి వస్తుంది. ఆడపడుచు ముచ్చటా తీరుతుంది.

మాస్టారు మాత్రం చిన్నపిల్లాడైపోయాడు. మండుటెండలో మిల్లుకు వెళ్ళి పిండి రెండుసార్లు జల్లించి తెచ్చాడు. తేనె సీసా గుడ్డలో చుట్టి, సైకిలు కడ్డీకి తగలకుండా చంకలో పెట్టుకుని వచ్చాడు. "ఇది చాలా? ఇంకా మెత్తగా కావాలా? మళ్ళీ వెళ్ళనా?" అంటూ షెడ్డు బయటే నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆమె పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్నలు అవే. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఆయన్ని అసహ్యించుకుందామన్నా కుదరని ఆ క్షణం మీద ఆమెకు ఒళ్ళు మండింది.

మొదటిసారి పెట్టిన కేకు తనంతట తనే కుంగింది. ముతక పిండి, తేనె బరువు. దాన్ని అలాగే వదిలేసి ఉంటే కథ అక్కడితో కంచికి వెళ్ళేది. కానీ ఆమె ఆ కుంగిన కేకును కోసి, ఎక్కడ తడి ఆగిందో వేలితో నొక్కి చూసింది. ఊరికే, తెలుసుకుందామని. గుడ్డు తెల్లసొన వేరే గిలకొట్టి కలిపితే? కలిపింది. కాస్త లేచింది గానీ గుమ్మడికాయ వాసన షెడ్డు నిండా కమ్ముకుంది. పెరట్లో బట్టలారేస్తున్న ఆడపడుచు ముక్కు మూసుకుని గుమ్మం దాకా వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"వదినా, నా పార్టీలో నా కేకు నేనే తినలేకపోతే మా అత్తగారి వైపు వాళ్ళు ఏమనుకుంటారు? అన్నయ్యకు చెప్పలేను. వాంతి చేసుకుంటానేమోనని భయంగా ఉంది."

ఆ ముఖం చూశాక కేకక్కకు చెడగొట్టే ఆలోచన ఎక్కడికి పోయిందో తెలియలేదు. అది ఆయన కేకు అనుకుంది ఇంతదాకా. కానీ ప్రతిసారీ లాగే గుమ్మంలో నిలబడింది ఒక కడుపుతో ఉన్న పిల్ల, ఆ పిల్లకొక పడని వాసన. ఆమెకు తెలిసిన పని అదే. గుమ్మడికాయను పలచగా తరిగి, ఓవెన్‌ను సన్నసెగ మీద ఉంచి, పచ్చి వాసన అంతా పోయి అంచులు ఎర్రబడేదాకా కాల్చింది. మెత్తగా నూరి, గుడ్డలో వేసి నీరు పిండింది. మిగిలింది ఎర్రటి ముద్ద, వాసన లేదు, తీపి మాత్రం ఉంది. వెన్నను సన్నమంట మీద మరిగించి, కాస్త మాడిన కమ్మదనం తెచ్చి అందులో కలిపింది.

పార్టీ రోజు పొద్దున ఓవెన్ ముందు కూర్చుంది. అటు మూల మూత కింద తెల్ల కేకు, దాని మీద పంచదార మేజోళ్ళు. ఇటు ఓవెన్‌లో పొలిమేర కేకు మెల్లగా పొంగుతోంది. చెయ్యి చెక్క చీలిక మీద ఉంది. లాగితే పనైపోతుంది. అత్తగారు బస్తా మీంచి కళ్ళతోనే "ఊఁ" అంటోంది. కేకక్క చేతిని ఒళ్ళోకి తీసుకుంది. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది, అది పరాయిదైనట్టు.

కేకు తీసి చెవి దగ్గర పెట్టింది. గుసగుస లేదు. ఇంత చక్కగా అణిగిన కేకు ఆమె చేతి మీద ఎప్పుడూ రాలేదు.

"ఏడిచినట్టుంది నీ తెలివి" అంది అత్తగారు లేచిపోతూ.

హాలు నిండా జనం. కేకక్క పలచటి ముక్క కోసి ముందు ఆడపడుచుకు అందించింది. ఆ పిల్ల భయంభయంగా వాసన చూసింది. నాలుకకు తగిలించింది. తర్వాత ముక్క మొత్తం తినేసి ఇంకో ముక్కకు చెయ్యి చాచింది.

"గుమ్మడికాయ ఎక్కడుంది ఇందులో? అన్నయ్యా, నిజంగా మన సరుకేనా ఇది?"

అంతే. హాలంతా ఒకటే సందడి. "మాస్టారూ, మీరన్నది నిజమేనండీ!" "ఇన్నాళ్ళూ నవ్వాం గానీ, ఇదండీ తిండంటే!" ఆడపడుచు అత్తగారు మూడో ముక్క తింటూ, "ఎంతైనా పట్టుదల ఉండాలండీ మగవాడికి" అంది. మాస్టారి ముఖం చూడాలి. ఏనుగెక్కినంత సంబరం. గొంతు సవరించుకుని లేచి నిలబడ్డాడు.

"ఇవాళ్టితో మా ఇంట్లో ఆఖరి మూల కూడా శుభ్రమైంది. ఇకనుంచి మా ఆవిడ చేసేవన్నీ ఈ కేకులే. తను ఇష్టపడే ఒప్పుకుంది."

కేకక్క కత్తి పట్టుకుని నిలబడి ఉంది. అత్తగారి వైపు చూసింది. షెడ్డు మీద చెయ్యి పడనివ్వనన్న మనిషి వైపు. ముసలామె చూపు కలవనివ్వలేదు. "మా వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా, పట్టాడంటే వదలడు" అని పక్కావిడతో చెప్పి, అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది.

తెల్ల కేకు సంగతి ఆడపడుచు అడగలేదు. ఆ కబుర్లలో మరిచిపోయింది, పాపం. సాయంత్రం కేకక్క మూతతో సహా దాన్ని గోడ మీదుగా దాటించింది. టైలరమ్మ రెండు చేతులా అందుకుంది. కాసేపటికి గోడ అవతల నుంచి కూతురి నవ్వు వినిపించింది. మేజోళ్ళు ఎవరు తినాలా అని ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు.

మర్నాడు మాస్టారే స్వయంగా పంచదార బస్తా, కోకో డబ్బా, రంగులు, సగం ఉన్న వెనిల్లా సీసా సైకిలు మీద కట్టుకుని బజారు బేకరీలో ఇచ్చేసి వచ్చాడు. దారిలో పగలకుండా వెనిల్లా సీసాకు కాగితం కూడా చుట్టాడు. "నీకిప్పుడు హాయిగా ఉంది కదూ? అక్కడోటి ఇక్కడోటి దాచుకునే బాధ లేదు" అన్నాడు తిరిగొచ్చి. ఆయన గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

ఇప్పుడు షెడ్డు గడపా ఇంటి గడపా ఒకటే అయ్యాయి. ఆదివారాలు వచ్చేవాళ్ళ కోసం పొలిమేర కేకు చేస్తుంది. వాళ్ళు ఒక్కో ముక్క తిని, ఆయన్ని మెచ్చుకుని వెళ్తారు. దాన్ని మాస్టారి కేకు అంటున్నారు. బేబీ షవర్ కేకుల కోసం వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఊరంతా అదే తినాలని ఎక్కడుంది? తెల్లటి కేకు, మీద పూలు కావాలంటారు. ఒకరోజు కొత్తగా ఒక అమ్మాయి, ఎవరో చెప్పగా వెతుక్కుంటూ వచ్చింది. కేకక్క అలవాటు చొప్పున అడిగేసింది.

"ఏ వాసన పడట్లేదమ్మా?"

ఆ అమ్మాయి ముఖం విప్పారింది. "మీరొక్కరే అడిగారండీ ఆ మాట. తేనె పడట్లేదు. తలుచుకుంటేనే వికారం."

కేకక్క కాసేపు తన కాళ్ళవంక చూసుకుంది. తర్వాత బజారు బేకరీకి దారి చెప్పి పంపించింది. వీధి మలుపు తిరిగేదాకా ఆ అమ్మాయి నడకను చూస్తూ నిలబడింది.

టోపీలు ఇప్పుడు దర్జాగా ఇంట్లోకి వస్తున్నాయి. భోజనాల దగ్గర మాస్టారు తన చేత్తో కూతురి కంచంలో వేస్తాడు. అత్తగారు నమలలేనట్టు మొహం పెట్టి పక్కకు జరుపుతుంది. ఇన్నేళ్ళుగా కేకక్క కోరుకున్నది ఇదే. తన చేతి కేకు తన బిడ్డ తన ఎదురుగా కూర్చుని తినాలని. కూతురు రెండుసార్లు కొరికి, మిగతాది కంచం అంచుకు నెడుతుంది.

"ఏమే, బాలేదా?" అంటాడు తండ్రి.

"బానే ఉంది నాన్నా" అంటుంది పిల్ల, తల్లి పోలికే, తలెత్తకుండా. "గుమ్మడికాయలా ఉంది."

గుమ్మడికాయ వాసన రాకుండా చేసిన కేకే అది. కానీ ఆ పిల్ల నాలుకను ఎవరు మోసం చెయ్యగలరు?

మొన్న సాయంత్రం పిల్ల లెక్కలు చేసుకుని గోడ అవతల నుంచి వచ్చింది. గుమ్మంలో కేకక్క ఎదురుపడింది. పిల్ల పై పెదవి మీద తెల్లగా క్రీము అంటుకుని ఉంది. టైలరమ్మ బజారు నుంచి తెప్పించి పెడుతోందన్నమాట. హాల్లో మాస్టారి కుర్చీ కిర్రుమంది. కేకక్క గబుక్కున వంగి, బొటనవేలితో బిడ్డ పెదవి తుడిచింది.

ఆ వేలు తన నాలుకకు ఆనించుకుంది. ఆ బేకరీ వాసన ఇన్నేళ్ళకూ మారలేదు. వెనిల్లా కాస్త ఎక్కువైంది, వెన్న సరిగ్గా గిలకొట్టలేదు. ఇంకో నాలుగు తిప్పులు తిప్పాల్సింది. తన సీసాలోని వెనిల్లాయేనేమో కూడా.

"ఎలా ఉంది?" అని అడిగింది, పిల్లకు మాత్రమే వినపడేలా.

"నీ కేకంత బాలేదు."

"వెళ్ళి చేతులు కడుక్కో" అంది కేకక్క. "మీ నాన్న భోజనానికి లేస్తున్నారు."